కలంకారీ రుమాలు, అన్నమయ్య బాణీ, పెద్దన ఫాంటు: దొరికినదానిలో ఎన్ని హక్కులు?

పోస్టర్లు, పుస్తకాల ముఖచిత్రాలు తయారుచేసి బతికే నాబోటివాళ్ల రోజులో సగం వెతుకులాటకే పోతుంది. ఒక సంగీతోత్సవానికి ప్రచార సామగ్రి చేసే పని వచ్చినప్పుడు ఒక్క సాయంత్రంలో నా ఫోల్డరులోకి మూడు వస్తువులు చేరాయి. మొదటిది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న గోల్కొండ కలంకారీ రుమాలు ఫొటో. రెండోది ఒక అన్నమయ్య కీర్తన రికార్డింగు. మూడోది అల్లసాని పెద్దన పేరు పెట్టిన తెలుగు ఫాంటు. మూడింటిలోనూ ఏదో ఒక పాతదనం ఉంది, మూడూ పైసా కట్టకుండా దిగాయి. పోస్టరు నమూనానూ, దానికి జతగా చేసిన ముప్పై సెకన్ల వీడియోనూ చూసిన నిర్వాహకుడు ఒకటే అడిగారు: "ఇవన్నీ ఫ్రీయే కదండీ?"

ఆ ప్రశ్నకు ఔననీ కాదనీ ఒక్క మాటలో చెప్పలేకపోయాను. రుమాలుకు ఒక జవాబు ఉంది, ఫాంటుకు ఇంకో జవాబు ఉంది, కీర్తనకైతే నాలుగు జవాబులున్నాయి. తెర మీద ఒకే వస్తువుగా కనిపించేది చట్టం దృష్టిలో చాలాసార్లు పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర వయసు వేరు, యజమాని వేరు, గడువు వేరు. "ఇది పాతదేనా" అని అడిగి ఊరుకుంటే అడుగు పొర వయసు తెలుస్తుందే తప్ప, పైపొరల సంగతి తేలదు. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే మొదలవుతుందని నా అనుభవం.

ముందు గడువుల లెక్క చూడాలి. మన దేశంలో దీనికి ఆధారం 1957 నాటి కాపీరైట్ చట్టం. కవితకైనా కథకైనా బాణీకైనా బొమ్మకైనా, దాన్ని సృష్టించిన వ్యక్తి జీవించి ఉన్నంతకాలమూ, ఆ వ్యక్తి మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లపాటూ రక్షణ ఉంటుంది. మొదట్లో ఇది 50 ఏళ్లే. 1941లో కన్నుమూసిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలకు 1991 డిసెంబరుతో గడువు తీరబోతుండగా, వాటి హక్కులు విశ్వభారతి చేతుల్లోంచి జారిపోకుండా చూడాలన్న ఒత్తిడి వచ్చి, గడువును మరో పదేళ్లు పొడిగించారు. దాన్ని 1992లో చట్ట సవరణగా స్థిరపరచారు. ఒక మహాకవి కోసం కదిలిన ఆ పదేళ్లు దేశంలోని ప్రతి రచయితకూ, ప్రతి చిత్రకారుడికీ, వాళ్ల వారసులకూ వర్తించాయి. ఠాగూర్ రచనలు 2001 ముగిసేదాకా రక్షణలోనే ఉన్నాయి.

ఈ లెక్కను మన వాళ్లకు అన్వయిస్తే ఆసక్తికరమైన ఫలితాలు వస్తాయి. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు చిత్రాలకు కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది; రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలోని ఆ నీటిరంగుల బొమ్మలను ఆధారం చేసుకుని కొత్త పని చేయడానికి కాపీరైట్ అడ్డు రాదు. 1915లో మరణించిన గురజాడ రచనలూ అంతే. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి ఆయన కవితలు 2043 ముగిసేదాకా రక్షణలో ఉంటాయి. బాపు 2014లో పోయారు. అంటే ఉగాదికీ సంక్రాంతికీ వాట్సాప్‌లో చేతులు మారే ఆయన బొమ్మలు 2074 డిసెంబరు 31 దాకా స్వేచ్ఛగా వాడుకోదగినవి కావు. తెలుగు డిజైనర్లు ఎక్కువగా తీసుకునేదీ, తక్కువగా అడిగి తీసుకునేదీ ఆయన గీతనే అని చెప్పడానికి నాకు గణాంకాలు అక్కర్లేదు. పండగ వారంలో ఫోను తెరిస్తే చాలు.

ఫొటోల విషయంలో ఒక మెలిక ఉంది. పాత నియమం ప్రకారం ఫొటోకు ప్రచురణ తేదీ నుంచి 60 ఏళ్లే రక్షణ. 2012 సవరణలో ఆ సెక్షనును తొలగించారు. అప్పటి నుంచి ఫొటో కూడా మిగతా చిత్రాల్లాగే ఫొటోగ్రాఫరు జీవితకాలానికి 60 ఏళ్లు కలిపి లెక్కకు వస్తుంది. సినిమాకూ సౌండ్ రికార్డింగుకూ మాత్రం విడుదలైన ఏడాది ఆధారంగా 60 ఏళ్ల లెక్కే కొనసాగుతోంది. అంటే ఒకే పోస్టరులో ఒక వ్యక్తి మరణ సంవత్సరంతో కొలిచే వస్తువూ, విడుదల సంవత్సరంతో కొలిచే వస్తువూ పక్కపక్కనే ఉండవచ్చు.

ఇక రుమాలు దగ్గరికి వద్దాం. అది పదిహేడో శతాబ్దం మధ్యకాలపు గోల్కొండ పనితనంగా మ్యూజియం నమోదు చేసిన నూలు బట్ట. కానుకల మీద కప్పడానికి వాడే అలాంటి రుమాళ్ల మీద పూలతీగల నడుమ మనుషులూ జంతువులూ పక్షులూ ఖాళీ లేకుండా కిక్కిరిసి ఉంటాయి. దాన్ని అద్దిన చేతుల పేర్లు మనకు మిగల్లేదు. వాటికి కాపీరైట్ అనే మాట వర్తించే కాలమూ కాదు. కాని నా తెర మీద ఉన్నది బట్ట కాదు, బట్ట ఫొటో. ఆ ఫొటో తీసిన వ్యక్తి ఒకరున్నారు, అది తీయించిన సంస్థ ఒకటుంది. కాబట్టి అసలు ప్రశ్న ఫొటో గురించి.

మెట్రోపాలిటన్ మ్యూజియం ఈ ప్రశ్నకు తన వరకు స్పష్టమైన జవాబు ఇచ్చింది. 2017 ఫిబ్రవరిలో, తన వద్ద ఉన్న కాపీరైట్ తీరిన కళాఖండాల ఫొటోలను సుమారు 3,75,000 దాకా సీసీ జీరో అనే ప్రకటన కింద విడుదల చేసింది. సీసీ జీరో అంటే హక్కుదారు తన హక్కులన్నిటినీ వదులుకోవడం. వ్యాపారానికి వాడుకోవచ్చు, ముక్కలు చేసుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు, పేరు చెప్పకపోయినా తప్పు పట్టరు. 2020లో స్మిత్సోనియన్ సంస్థ 28 లక్షల చిత్రాలతో అదే దారి పట్టింది. నా రుమాలు పోస్టరులోకి ఏ ఇబ్బందీ లేకుండా రావడానికి కారణం ఇదే తప్ప, అది పదిహేడో శతాబ్దపు బట్ట కావడం ఒక్కటే కాదు.

ఇదే పని లండన్‌లో ఉన్న వస్తువుతో చేసి ఉంటే కథ వేరు. కోరమండల్ తీరపు అద్దకం బట్టల గొప్ప సేకరణ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆ ఫొటోలను చదువుకూ వ్యక్తిగత అవసరానికీ ఉచితంగా ఇస్తారు. వ్యాపారానికి వాడాలంటే విడిగా లైసెన్సు తీసుకోవాలి. బ్రిటిష్ మ్యూజియం నియమం ఇంకొకటి. అక్కడి ఫొటోలు పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు, మార్చి పంచితే అదే షరతుతో పంచాలి అనే మూడు నిబంధనలున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ముందే చెప్పిన షరతులతో అందరికీ ఇచ్చే అనుమతి) కింద ఉన్నాయి.

ఈ మూడు నిబంధనల మూట మన వాళ్లకు ఎక్కడ తగులుతుందో చెప్పడానికి అమరావతిని మించిన ఉదాహరణ లేదు. పల్నాటి సున్నపురాయి మీద రెండు వేల ఏళ్ల నాడు చెక్కిన స్తూప శిల్పాలలో, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించినవి చాలా వరకు 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు వాటి స్పష్టమైన ఫొటోలు కావాలంటే గుంటూరులో కూర్చున్న డిజైనరు కూడా బ్రిటిష్ మ్యూజియం పేజీనే తెరవాలి. ఆ ఫొటోను టిక్కెట్లు అమ్మే కార్యక్రమం పోస్టరు మీద వేస్తే అది వ్యాపార ఉపయోగం కిందికి వస్తుంది. రాయి మన నేలది, శిల్పి మన వాడు, కాపీరైట్ అన్న భావనే పుట్టని కాలంలో చెక్కినది. అయినా అనుమతి అడగాల్సింది గత కొద్ది దశాబ్దాల్లో తీసిన ఒక ఫొటో కోసం. ఇందులోని అన్యాయం గురించి నాకు బలమైన అభిప్రాయమే ఉంది. అయితే ఆ అభిప్రాయం లైసెన్సు నిబంధనను మార్చదు. వేరే దారిని మాత్రం చూపిస్తుంది. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, అమరావతిలోనూ మిగిలిన శిల్పాలను, అక్కడ ఫొటోలకు అనుమతి ఉన్న మేరకు, మనమే తీసుకుంటే ఆ ఫొటో హక్కు మనదే అవుతుంది.

ఇక్కడ ఒక సున్నితమైన తేడా గమనించాలి. చదునైన బొమ్మను ఉన్నది ఉన్నట్టు ఫొటో తీస్తే అందులో కొత్త సృజన ఏముందని 1999లో న్యూయార్కులోని ఫెడరల్ కోర్టు బ్రిడ్జిమన్ కేసులో ప్రశ్నించి, అలాంటి ఫొటోకు విడిగా కాపీరైట్ లేదని తేల్చింది. యూరోపియన్ యూనియన్ 2019 నాటి ఆదేశంలో దాదాపు అదే సూత్రాన్ని చట్టరూపంలో పెట్టింది. మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో, శ్రమ పడినంత మాత్రాన కాపీరైట్ రాదనీ, కొంతైనా సృజన ఉండాలనీ చెప్పింది. అది తీర్పుల సంకలనాలకు సంబంధించిన కేసే అయినా, మక్కీకి మక్కీగా తీసిన ఫొటోలకు కూడా ఆ తర్కాన్ని అన్వయించవచ్చని వాదించడానికి వీలుంది. శిల్పం సంగతి అలా కాదు. ఏ కోణం నుంచి, ఏ వెలుగులో, ఏ నీడతో తీయాలన్నది ఫొటోగ్రాఫరు నిర్ణయం కాబట్టి అక్కడ సృజన ఉందనే అంటారు. అందువల్ల పాత తైలవర్ణ చిత్రం ఫొటోకూ పాత శిల్పం ఫొటోకూ ఒకే సూత్రం వర్తించదు.

కలంకారీకి ఇంకో పొర కూడా ఉంది, అది కాపీరైట్‌కు సంబంధించినది కాదు. శ్రీకాళహస్తి కలంకారీకీ మచిలీపట్నం కలంకారీకీ భౌగోళిక గుర్తింపు ఉంది. మొదటిది కలంతో గీసేది, రెండోది ప్రధానంగా అచ్చులతో అద్దేది. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ఆ పేరును కాపాడుతుంది, తీగను గానీ నెమలిని గానీ కాదు. రుమాలులోని పూలతీగను నా పోస్టరులో వాడుకోవడం ఒక సంగతి. అదే తీగను మిల్లు బట్ట మీద డిజిటల్ ప్రింటు వేయించి "మచిలీపట్నం కలంకారీ" అని అమ్మడం పూర్తిగా వేరే సంగతి, అది మచిలీపట్నం పక్కనున్న పెడన అద్దకపువాళ్ల పొట్ట మీద కొట్టడం కూడా.

సంగీతంలో పొరలు మరింత దట్టం. నా ఫోల్డరులో చేరిన కీర్తన "నానాటి బదుకు నాటకము". సాహిత్యం పదిహేనో శతాబ్దపు అన్నమయ్యది, దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదు. అయితే తిరుమల రాగిరేకుల మీద రాగాల పేర్లు ఉన్నాయే గానీ, పాడుకోవడానికి సరిపడా స్వరాలు లేవు. మనం ఈనాడు అన్నమయ్య పాటలుగా వింటున్నవాటిలో చాలా బాణీలు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. రేవతి రాగంలో ఈ కీర్తనకు బాణీ కట్టినవారు నేదునూరి కృష్ణమూర్తి. ఆయన 2014లో మరణించారు. మన చట్టంలో సంగీత రచన అంటే స్వరం మాత్రమే, మాటలు అందులో చేరవు. కాబట్టి సాహిత్యానికి అయిదు వందల ఏళ్లు దాటినా బాణీ 2074 దాకా రక్షణలో ఉండే రచన. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్వరపరచిన కీర్తనలకు ఆయన మరణించిన 1979 ఆధారం, అంటే 2039. "అన్నమయ్య పాటేగా, ఎవరిది అవుతుంది?" అని ధీమాగా అనేవాళ్లు ఈ రెండో పొరను చూడరు. త్యాగరాజ కృతుల సంగతి వేరు. 1847లో పోయిన ఆ వాగ్గేయకారుడి మాట, పాట రెండూ ఆయనవే, రెండూ ఇప్పుడు అందరివీ.

మాట, బాణీ తర్వాత మూడో పొర పాడినవారిది. గాయకుడికీ వాద్యకారుడికీ తమ ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉంటుంది. నాలుగోది రికార్డింగు చేసినవారిది, విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు. త్యాగరాజ కృతి ఎవరు పాడుకున్నా అడిగేవారు లేరు. కాని ఒక విద్వాంసురాలు నిరుడు పాడి విడుదల చేసిన త్యాగరాజ కృతిని వీడియో వెనక పెట్టుకోవాలంటే మూడో పొరకూ నాలుగో పొరకూ అనుమతి కావాలి. తంబురా శ్రుతి వేసుకుని మన ఊరి సంగీతం టీచరు చేత పాడించుకుంటే ఆ గొడవే లేదు. ఉత్సవం వీడియోకు చివరికి నేను చేసింది అదే, ఆవిడ పారితోషికం లైసెన్సు ఖర్చు కంటే తక్కువ కూడా.

సినిమా పాటలకు ఈ లెక్క ఎలా ఉంటుందో గుండమ్మ కథతో చూడవచ్చు. సినిమా 1962లో విడుదలైంది. విడుదల ఆధారంగా లెక్క వేస్తే సినిమా గడువు 2022 డిసెంబరుతో తీరింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, సాహిత్యం 2031 దాకా. సంగీతం ఘంటసాలది, ఆయన 1974లో పోయారు, బాణీలు 2034 దాకా. సినిమా మీది కాపీరైట్ అందులో వాడిన రచనల విడి కాపీరైట్‌ను ప్రభావితం చేయదని చట్టం 13వ సెక్షనులోనే చెప్పింది. ఆ విడి హక్కు కవి కుటుంబానిదా, నిర్మాతదా అనేది ఒప్పందాన్ని బట్టి, అప్పటి న్యాయస్థానాల తీర్పులను బట్టి తేలే విషయం. ఎవరిదైనా, గడువు మాత్రం కవి మరణ సంవత్సరం నుంచే. "సినిమాకు అరవై ఏళ్లు నిండాయి, పాటలు ఫ్రీ" అనే మాట ఈ కారణంగా సగమే నిజం.

దీనికి దేశం అనే కొలత కూడా కలపాలి. కాపీరైట్ ఏ దేశంలో వాడుకుంటున్నామో ఆ దేశపు చట్టాన్ని బట్టి నడుస్తుంది. 1996 జనవరి 1 నాటికి స్వదేశంలో రక్షణలో ఉన్న విదేశీ రచనలకు అమెరికా తన చట్టంలో తిరిగి రక్షణ కల్పించింది. అప్పటి లెక్క ప్రకారం విడుదలైన ఏడాది నుంచి 95 ఏళ్లు. అంటే 1962 నాటి తెలుగు సినిమా ఇక్కడ గడువు తీరినా అమెరికాలో 2057 చివరిదాకా తీరదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘం వేడుకకు పాత సినిమా దృశ్యాలతో వీడియో చేసి పంపమని అడిగే మిత్రులకు ఈ మాట చెబితే నమ్మరు.

యూట్యూబ్ క్లెయిములు చట్టంతో ముడిపడినట్టు కనిపిస్తాయి గాని, వాటి నడక వేరు. హక్కుదారులమని చెప్పుకున్నవారు ఇచ్చిన ఫైళ్ల నుంచి కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ ధ్వని వేలిముద్ర లాంటిది తయారుచేసుకుని, కొత్తగా ఎక్కే ప్రతి వీడియోనూ దానితో పోల్చి చూస్తుంది. రికార్డింగునే కాదు, పాట బాణీని కూడా కొన్నిసార్లు పట్టుకుంటుంది. మన సొంత గొంతుతో పాడిన పాత కృతికి సైతం ఎవరో ఆల్బం కంపెనీ నుంచి క్లెయిము వచ్చేది ఇందువల్లే. అది యంత్రం పోలిక మాత్రమే, కోర్టు తీర్పు కాదు. అభ్యంతరం తెలిపే మార్గం అక్కడే ఉంటుంది. దీనికి విరుగుడుగా మన వాళ్లలో ప్రచారంలో ఉన్న "ముప్పై సెకన్లలోపు అయితే ఫర్వాలేదు" అనే సూత్రం మన చట్టంలో ఎక్కడా లేదు. సొంత అధ్యయనం, విమర్శ, సమీక్ష, వార్తా నివేదన వంటి అవసరాలకు న్యాయమైన వాడుకను 52వ సెక్షను అనుమతిస్తుంది. అక్కడ చూసేది ఎందుకు వాడారన్నదీ, ఎంత అవసరమో అంతే వాడారా అన్నదీ. ప్రచార వీడియో వెనక వినిపించే పాట ఆ కోవలోకి రాదు, పది సెకన్లయినా సరే. కింద "క్రెడిట్స్ టు ఓనర్" అని రాయడం వల్ల కూడా అనుమతి వచ్చినట్టు కాదు. ఎవరి వస్తువో తెలిసే వాడుకున్నామని మనమే రాసిచ్చినట్టు అవుతుంది.

క్రియేటివ్ కామన్స్ అక్షరాలను ఈ నేపథ్యంలో చదవాలి. 2002లో మొదటి లైసెన్సులు వచ్చాయి, ఇప్పుడు ఎక్కువగా కనిపించే నాలుగో రూపం 2013 నాటిది. బై అంటే పేరు చెప్పాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి కూడదు. ఎన్‌డీ అంటే మార్చినది పంచకూడదు. ఎస్‌ఏ అంటే మార్చినదాన్ని అదే లైసెన్సుతో పంచాలి. వీటిలో డిజైనర్లను ఇబ్బంది పెట్టేది ఎస్‌ఏ. అలాంటి ఫొటోను కత్తిరించి, రంగు మార్చి, నా బొమ్మలో కలిపేస్తే ఆ కొత్త బొమ్మను కూడా అందరూ వాడుకోవచ్చని ప్రకటించాలి. బొమ్మ పూర్తిగా తనదే అని క్లయింటు ఒప్పందంలో రాయించుకుని ఉంటే రెండు మాటలకూ పొసగదు. ఈ లైసెన్సులు ఒకసారి ఇచ్చాక, తీసుకున్నవారి విషయంలో వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. కాని ఫొటో పెట్టినవారు రేపు ఆ పేజీని మార్చేస్తే, నిన్న లైసెన్సు ఉందని నిరూపించాల్సింది మనమే. అందుకే దింపుకున్న రోజే ఆ పేజీని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచడం నాకు అలవాటైంది. అదే ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి. అవి అక్కడ కనిపించినంత మాత్రాన గడువు తీరినవని అనుకోకూడదు, రచయిత మరణ సంవత్సరం విడిగా చూసుకోవాలి.

ఫాంటుది మూడింటిలోకీ సులువైన కథ. పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు పేర్లతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న తెలుగు ఫాంట్లు అమెరికాలోని తెలుగు సాంస్కృతిక సంస్థ సిలికానాంధ్ర చొరవతో ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చాయి. వాటితో ముఖచిత్రం చేసి పుస్తకాన్ని అమ్ముకోవచ్చు, యాప్‌లో పొదగవచ్చు, అక్షరం వంపు మార్చుకోవచ్చు. ఫాంటు ఫైలును మాత్రమే విడిగా అమ్మకూడదు. మార్చినదాన్ని, అసలు తయారీదారు ప్రత్యేకించి ఉంచుకున్న పేరుతో విడుదల చేయకూడదు. ప్రోగ్రాములు రాసి బొమ్మలు గీసే మిత్రులు వాడే ఉచిత కోడ్‌కూ ఇలాంటి లైసెన్సులే ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన ఫాంటుకు మాత్రం ఎంత పాతబడినా లైసెన్సు రాదు. నేను పని నేర్చుకున్న డీటీపీ షాపులో అలాంటివే వాడేవాళ్లం. అక్కడ వాటిని ఎవరు కొన్నారని ఎప్పుడూ ఎవరూ అడగలేదు.

ఈ అయిదారేళ్లలో కొత్తగా వచ్చిన పొర యంత్రం గీసినది, యంత్రం పాడినది. కంప్యూటర్ సృష్టించిన రచనకు, దాన్ని సృష్టింపజేసిన వ్యక్తే కర్త అని మన చట్టంలో 1994 నుంచే ఒక వాక్యం ఉంది. అప్పటి కంప్యూటర్లను దృష్టిలో పెట్టుకుని రాసిన ఆ వాక్యం నేటి బొమ్మల యంత్రాలకు ఎంతవరకు సరిపోతుందన్నది తేలాల్సిన విషయం. అమెరికాలో 2025 మార్చిలో ఒక అప్పీలు కోర్టు, మనిషి కర్తృత్వం లేని బొమ్మకు కాపీరైట్ లేదని చెప్పింది. క్లయింటుకు సర్వహక్కులూ రాసిస్తానని ఒప్పుకునే డిజైనరు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి: తనకే ఉందో లేదో తెలియని హక్కును ఎలా రాసిస్తాడు?

గొంతు విషయంలో మన న్యాయస్థానాలు కొంత స్పష్టంగా మాట్లాడాయి. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ పేరునూ గొంతునూ యంత్రాలతో అనుకరించే సాధనాలను నిలువరించింది. అదే ఏడాది మొదట్లో, 2020లో కన్నుమూసిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమంగా పుట్టించి వాడారంటూ ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమా బృందానికి లీగల్ నోటీసు పంపింది. కాపీరైట్ లెక్కలో గొంతు అనే పొర లేదు. పాటకు ఉంది, రికార్డింగుకు ఉంది, ప్రదర్శనకు ఉంది. బాలు కొత్త పాటను "పాడితే" అది ఆ మూడింటిలో దేని కిందికీ సూటిగా రాదు. అందుకే కోర్టులు దాన్ని వ్యక్తిత్వ హక్కు, అంటే తన పేరు, రూపం, గొంతు మీద మనిషికి ఉండే హక్కు, అనే వేరే తలుపు ద్వారా చూస్తున్నాయి. తమాషాకు ఎవరో చేసి పంపిన అలాంటి పాటలు నా ఫోనులోనూ ఉన్నాయి, వాటిని పనిలోకి ఎన్నడూ రానివ్వలేదు.

ఆ నిర్వాహకుడికి చివరికి నేను ఇచ్చింది పోస్టరు ఫైలుతో పాటు ఒక పేజీ టెక్స్టు ఫైలు. అందులో ప్రతి వస్తువుకూ నాలుగైదు వరుసలున్నాయి: ఎక్కడ దొరికింది, ఏ తేదీన దింపాను, అడుగున ఉన్న రచన ఎవరిది, ఆ వ్యక్తి ఏ ఏడు మరణించారు, పైన ఉన్న ఫొటో లేదా రికార్డింగు ఎవరిది, లైసెన్సు మాట యథాతథంగా ఏమిటి. రుమాలు ఎదురుగా సీసీ జీరో అని, ఫాంటు ఎదురుగా ఓపెన్ ఫాంట్ లైసెన్సు అని ఉంది. నేదునూరి బాణీ ఎదురుగా 2074 వేసి కొట్టేశాను. దాని స్థానంలో టీచరుగారు పాడిన త్యాగరాజ కృతి, ఆవిడ సంతకం చేసిన అనుమతి కాగితం చేరాయి. ఆయన ఆ పేజీని చదివి, వచ్చే ఉత్సవానికి పింగళివారి పాట మీద యానిమేషన్ చేద్దామా అని అడిగారు. అనుమతి తెచ్చుకుందామా, లేక 2032 జనవరి 1 దాకా ఆగుదామా అన్నాను. అనుమతి ఎవరిని అడగాలో కనుక్కునే పనిలో ఇప్పుడు ఇద్దరం ఉన్నాం.